సరిహద్దు దాటిన వైద్యము: ఐరోపా ఆరోగ్య బీమా కార్డు పుట్టుక, పెరుగుదల

ఆసుపత్రి అను మాటను మనము నిత్యము వాడుచుందుము. ఐరోపా వారి 'హాస్పిటల్' అను మాట మన నాలుకకు అనువుగా మారి ఆసుపత్రి అయినది. ఆ హాస్పిటల్‌కు మూలము లాటిన్ భాషలోని 'హోస్పెస్' అను పదము. ఈ పదమునకు ఒక విశేషమున్నది. అతిథి అనియు, అతిథికి ఆశ్రయమిచ్చు గృహస్థు అనియు రెండర్థములును దానికే కలవు. మధ్యయుగముల ఐరోపాలో ఆసుపత్రి అనగా రోగుల నిలయము మాత్రమే కాదు. దూరదేశములనుండి కాలినడకను వచ్చు యాత్రికులకు కూడు, గూడు, జబ్బుపడినచో ఉపచారము లభించు సత్రము కూడ అదియే. స్పెయిను దేశమునందలి సాంతియాగో క్షేత్రమునకు పోవు బాటల వెంట మఠములవారు ఇట్టి సత్రములను పెక్కింటిని నడిపినారు.

ఆ సత్రములలో యాత్రికునికి లభించినది ధర్మము. ధర్మము మంచిదే. కాని దానిని అడిగి పుచ్చుకొనవలెను. పెట్టువాడు లేదు పొమ్మనిన మారుపలుకుటకు వీలులేదు. నేడు పొరుగు దేశమునకు పోయి అచ్చట జబ్బుపడిన ఐరోపావాసి జేబులోనుండి నీలిరంగు కార్డు ఒకటి తీసి చూపును. ఆ దేశస్థునికి జరుగు వైద్యమే తనకును జరుగవలెనని హక్కుగా అడుగును. ధర్మమునుండి ఈ హక్కు వరకు సాగిన ప్రయాణమునకు సరిగా నూరేండ్లు పట్టినది. మరియొక విశేషమేమనగా, ఈ ప్రయాణము విహారయాత్రికుల కొరకు మొదలైనది కాదు. పరదేశములో పొట్టపోసికొనుటకు పోయిన కూలివాని కొరకు మొదలైనది. ఆ వృత్తాంతమును పాఠకుల ముందుంచుటయే మా ఉద్దేశము.

ఆరోగ్య బీమాను ప్రభుత్వ శాసనముగా మొట్టమొదట దేశమంతటను నెలకొల్పినది జర్మనీ. ఛాన్సలర్ బిస్మార్కు 1883లో కార్మికులకు నిర్బంధ ఆరోగ్య బీమాను ఏర్పరచినాడు. కార్మికుడు కొంత, యజమాని కొంత నిధికి చందా కట్టవలెను. కార్మికుడు జబ్బుపడినప్పుడు ఆ నిధి వైద్యమునకును, కూలి పోయిన దినములకును సొమ్ము ఇచ్చును. 1884లో ప్రమాద బీమా, 1889లో వృద్ధాప్యపు పింఛను దానిని అనుసరించి వచ్చినవి. బ్రిటను 1911లో ఇట్టి శాసనమే చేసికొన్నది. ఒక దేశమును చూచి మరియొక దేశము ఈ దారిని పట్టినది.

అయితే ఈ శాసనములకు పుట్టుకతోనే ఒక పరిమితి ఏర్పడినది. ఏ రాజ్యము చేసిన శాసనము ఆ రాజ్యపు పొలిమేరతో ఆగిపోవును. చందా కట్టించుకొన్నది తన ప్రభుత్వము. వైద్యము ఇప్పించునదియు ఆ ప్రభుత్వమే, అదియు తన గడ్డమీదనే. పొలిమేర అవతల కాలు విరిగినచో ఇవతల కట్టిన చందా అక్కరకు రాదు. ఊరు విడువని వానికి ఇది లోపముగా తోచలేదు. కాని ఆ కాలముననే లక్షలాది కూలీలు పని వెదకికొనుచు దేశములు దాటుచుండిరి. ఇటలీ పల్లెలనుండి ఫ్రాన్సు గనులకు, కర్మాగారములకు తరలిపోయినవారు వారిలో ముఖ్యులు. పరదేశమున గాయపడిన కూలివాడు రెండు శాసనముల నడుమ పడి రెంటికిని చెడినాడు.

ఈ చిక్కును విప్పుటకు జరిగిన తొలి ప్రయత్నము 1904 ఏప్రిల్ 15న రోము నగరములో సంతకమైన ఫ్రాన్సు, ఇటలీల ఒడంబడిక. కూలీలు పొదుపు బ్యాంకులలో దాచుకొన్న సొమ్మును ఒక దేశమునుండి మరియొక దేశమునకు మార్చుకొను సదుపాయము, పనిలో ప్రమాదము జరిగినప్పుడు స్వదేశీయునికి, విదేశీయునికి నడుమ తేడా చూపరాదను నియమము ఇందు ముఖ్యమైనవి. చూచుటకు ఇది చిన్న ఒప్పందము. కాని పరాయి కూలివానికి నష్టపరిహారము ఇచ్చుట దయ కాదు, ఇచ్చి పుచ్చుకొను బాధ్యత అని రెండు రాజ్యములు వ్రాతపూర్వకముగా అంగీకరించుట అపూర్వము. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ వెలసిన పిమ్మట, 1925లో ఆ సంస్థ ప్రమాద పరిహారము విషయమున సమాన వ్యవహారము ఉండవలెనని ఒక ఒడంబడికను ఆమోదించి ఈ భావమునకు ప్రపంచవ్యాప్తి కల్పించినది.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప ఐరోపాకు కావలసినది బొగ్గు. బెల్జియములో గనులున్నవి, దిగువారు లేరు. ఇటలీలో మనుష్యులున్నారు, పని లేదు. 1946 జూన్‌లో ఆ రెండు ప్రభుత్వములు ఒప్పందము చేసికొన్నవి. ఇటలీ 50,000 మంది కార్మికులను పంపవలెను; బెల్జియము అందులకు బదులుగా బొగ్గు అమ్మవలెను. మనుష్యుల శ్రమకు, బొగ్గుకు ఇట్లు లంకె కుదిరినది. ఆ బేరము యొక్క వెల ఎంతయో లోకమునకు 1956 ఆగస్టు 8న తెలిసినది. బెల్జియములోని మార్సినెల్ వద్ద బ్వా ద్యు కాజియే గనిలో మంటలు చెలరేగి 262 మంది మరణించినారు. వారిలో 136 మంది ఇటలీ వారు; మిగిలిన వారిలో పెక్కు దేశముల వారున్నారు. పరదేశపు గనిలో ప్రాణము పోయిన వాని భార్యాబిడ్డలకు దిక్కెవరు అను ప్రశ్నను ఇక ఏ ప్రభుత్వమును ప్రక్కకు నెట్టజాలని పరిస్థితి ఏర్పడినది.

అప్పటికే 1951లో ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియము, నెదర్లాండ్సు, లక్సెంబర్గు కలిసి బొగ్గు ఉక్కు సమాజమును స్థాపించుకొని యుండెను. 1957 మార్చి 25న ఆ ఆరు దేశములే రోములో సంతకములు చేసి ఐరోపా ఆర్థిక సమాజమును ఏర్పరచుకొన్నవి. ఆ సంధిలోని 51వ అధికరణము వలస కార్మికుల సాంఘిక భద్రతకు ఏర్పాటు చేయవలెనని విధించినది. మరుసటి యేడు, 1958లో, ఆ సమాజము చేసిన నిబంధనలలో మూడవ సంఖ్య గలది ఈ విషయమునకే కేటాయింపబడినది. 1959 జనవరి 1 నుండి అది అమలులోనికి వచ్చినది. కొత్త కాపురములో ఇంకను సామానులు సర్దుకొనకముందే ఇంటివారు తలపెట్టిన పనులలో వలస కూలివాని జబ్బు కూడ ఒకటి యైనదన్నమాట.

ఈ మూడవ నిబంధనలోని సూత్రములు మూడు. స్వదేశి, పరదేశి అను భేదము లేక సభ్యదేశముల వారిని సమానముగా చూచుట మొదటిది. వేరువేరు దేశములలో చందా కట్టిన కాలమును కలిపి లెక్కించుట రెండవది. ఒక దేశమున సంపాదించిన హక్కును మరియొక దేశమున అనుభవించుటకు వీలు కల్పించుట మూడవది. మన కథకు ముఖ్యమైనది ఈ మూడవ సూత్రము. పరదేశమున తాత్కాలికముగా నున్నప్పుడు తక్షణ వైద్యము అవసరమైనచో అచ్చటి సంస్థ వైద్యము చేయించవలెను. ఖర్చును స్వదేశపు సంస్థ భరింపవలెను. అయితే ఇది 'జీతముపై పనిచేయువారు, వారితో సమానులు' అను తరగతికి మాత్రమే వర్తించును.

ఈ తరగతిలోనికి ఎవరు వత్తురు? ఈ ప్రశ్నను ఐరోపా న్యాయస్థానము ముందుకు తెచ్చినది నెదర్లాండ్సుకు చెందిన ఒక సామాన్య గృహిణి. ఆమె మునుపు ఉద్యోగము చేసినది. అది మానిన తరువాత స్వచ్ఛందముగా బీమా కొనసాగించినది. జర్మనీలోనున్న తలిదండ్రులను చూడబోయి అచ్చట జబ్బుపడినది. చికిత్స ఖర్చు కోరగా స్వదేశపు బీమా సంస్థ నిరాకరించినది. 1964 మార్చి 19న న్యాయస్థానము తీర్పు చెప్పినది. కార్మికుడు అను మాటకు ఏ దేశమునకు ఆ దేశము తోచిన అర్థము చెప్పుకొనుటకు వీలులేదు. ఆ అర్థము సమాజమంతటికిని ఒక్కటే కావలెను. నేడు పనిలో నున్నవారే కాక, మునుపు కార్మికుడై బీమాలో కొనసాగువాడును దానిలోనికి వచ్చును. అంతియే కాదు, ఆమె పరదేశమునకు పోయినది పని నిమిత్తము కాదు కదా అను ఆక్షేపణ కూడ నిలువలేదు. కన్నవారిని చూడబోయిన కూతురికి గని కూలివాని హక్కు ఇట్లు సంక్రమించినది. విహారయాత్రికునికి తలుపు తెరచినది ఈ తీర్పే యని చెప్పినచో అతిశయోక్తి కాదు.

1971లో మూడవ నిబంధనకు మారుగా మరింత సమగ్రమైన నిబంధన ఒకటి వచ్చి, 1972 అక్టోబరు 1 నుండి అమలు జరిగినది. 1973లో బ్రిటను, ఐర్లండు, డెన్మార్కు సమాజములో చేరినవి. స్వయముగా వృత్తి వ్యాపారములు చేసికొనువారికి కూడ 1982 నుండి ఈ హక్కులు సంక్రమించినవి. ఈ కాలమున ప్రయాణికుల చేతిలోనికి వచ్చిన కాగితము 'ఇ 111' అను ఫారము. సెలవులకు బయలుదేరుటకు ముందు ఊరిలోని కార్యాలయమునకు పోయి దీనిని నింపించుకొనవలెను. బ్రిటనులో తపాలా కచేరీలలో కూడ ఇచ్చుచుండిరి. ఇది గాక, ముందుగా అనుమతి పొంది చికిత్స కొరకే పొరుగు దేశమునకు పోవు వానికి 'ఇ 112', అంతర్జాతీయ లారీ డ్రైవర్లకు 'ఇ 110', విద్యార్థులకు 'ఇ 128' అను ఫారములు వేరుగా ఉండెను.

కాగితము చిరుగును, తడియును, ఇంటివద్దనే మరచిపోబడును. ఇ 111 చూపిన వానికి వైద్యము ఎంతవరకు అను విషయములోను తేడా ఉండెను. సామాన్య యాత్రికునికి 'తక్షణావసరమైన' వైద్యము మాత్రమే. పింఛనుదారునికి 'అవసరమైన' వైద్యమంతయు. ఈ రెండు మాటల నడుమ నలిగినవారు దీర్ఘరోగులు. ఇదే సమయమున 1998 ఏప్రిల్ 28న ఐరోపా న్యాయస్థానము రెండు తీర్పులు చెప్పినది. లక్సెంబర్గు వాసి యొకడు బెల్జియములోని ఆర్లోన్ పట్టణమున కళ్లజోడు కొన్నాడు. మరియొకడు తన కుమార్తె పలువరుసను జర్మనీలోని ట్రియర్ పట్టణమున సరిచేయించ దలచినాడు. ముందుగా అనుమతి లేదని బీమా సంస్థ ఖర్చు నిరాకరించుట సరికాదని న్యాయస్థానము తేల్చినది. వస్తువులు, సేవలు సరిహద్దు దాటుటకు స్వేచ్ఛ ఉన్నప్పుడు కళ్లజోడునకును, వైద్యునికిని ఆ స్వేచ్ఛ ఏల వర్తింపదు అనునది అందలి తర్కము. ఈ మార్గమే ముందుకు సాగి 2011లో రోగుల హక్కుల ఆదేశముగా రూపొందినది. అయినను ప్రయాణములో అనుకొనక వచ్చిన జబ్బు వేరు, కోరి పోయి చేయించుకొను చికిత్స వేరు. మన కార్డు మొదటి దానికి సంబంధించినది.

2002 మార్చిలో స్పెయినులోని బార్సిలోనా నగరమున సమావేశమైన ఐరోపా దేశాధినేతలు, ఈ కాగితములన్నిటికి బదులుగా ఒక్క కార్డు ఉండవలెనని నిశ్చయించినారు. 2003 జూన్‌లో దాని రూపురేఖలు ఖరారైనవి. 2004 జూన్ 1న కార్డు వాడుకలోనికి వచ్చినది. సిద్ధముకాని దేశములకు 2005 చివరివరకు గడువు లభించినది. రోములో ఫ్రాన్సు, ఇటలీలు సంతకములు చేసిన 1904కును దీనికిని నడుమ గడచినది ఒక శతాబ్దము. కార్డుతోపాటే శాసనము కూడ సవరింపబడినది. యాత్రికుడు, పింఛనుదారుడు, విద్యార్థి అను భేదము లేక, ఉండదలచిన కాలమును బట్టి వైద్యరీత్యా అవసరమైన చికిత్సయంతయు అందరికిని సమముగా లభించునట్లు చేసినారు. ఎప్పటినుండియో ఉన్న మధుమేహమైనను, గర్భిణికి అనుకొనక వచ్చిన ప్రసవమైనను ఇందులోనికి వచ్చును. మూత్రపిండముల వ్యాధికి డయాలిసిస్ వంటి చికిత్సలు మాత్రము బయలుదేరుటకు ముందే పోవు చోట ఏర్పాటు చేసికొనవలెను.

ఇక ఆ కార్డును పరిశీలింతము. మూలలో ఐరోపా నక్షత్రముల వలయము, నడుమ దేశపు సంకేతము. దిగువ ఇంటి పేరు, పేరు, పుట్టిన తేదీ, వ్యక్తి గుర్తింపు సంఖ్య, బీమా సంస్థ సంఖ్య, కార్డు సంఖ్య, గడువు తేదీ. అంతే. ఫొటో తప్పనిసరి కాదు, రోగ వృత్తాంతము లేదు. ప్రతి వివరమునకు ఒక అంకె, ఒక స్థానము నియమింపబడినవి. అందుచేత ఫిన్లండు వాని కార్డును ఆ భాష ఎరుగని గ్రీసు గుమాస్తా కూడ చూచుకొనగలడు. జర్మనీ, ఆస్ట్రియా, ఇటలీ వంటి దేశములలో స్వదేశపు ఆరోగ్య కార్డు వెనుక వైపుననే దీనిని అచ్చువేయుచున్నారు. కార్డు ఉచితము, పోయినచో స్వదేశపు సంస్థ తాత్కాలిక ధ్రువపత్రమును పంపును.

కార్డులో సొమ్ము లేదు. దాని వెనుకనున్నది మాట. వైద్యశాల తన బిల్లును తన దేశపు బీమా సంస్థకు పంపును. ఆ సంస్థ దానిని రోగి స్వదేశపు సంస్థకు పంపి రాబట్టుకొనును. ఈ ఉత్తర ప్రత్యుత్తరములు క్రమముగా విద్యుత్ మాధ్యమమునకు మారుచున్నవి. రోగికి జరుగు మర్యాద స్థానికునికి జరుగునంతే. హెచ్చును లేదు, తగ్గును లేదు. ఫ్రాన్సులో స్థానికుడు వైద్యునికి మొదట తానే రుసుము చెల్లించి తరువాత అందులో కొంత భాగము వెనుకకు పొందును. యాత్రికుడును అట్లే చేయవలెను. జర్మనీలో ఆసుపత్రిలో చేరినవాడు దినమునకు 10 యూరోల వంతున, 28 దినములకు మించకుండ చెల్లించును; యాత్రికుడును అంతే. ఇంటివద్ద తనకు పైసా ఖర్చు లేదు కదా యని వాదించుటకు వీలులేదు. ప్రైవేటు వైద్యము, పర్వతములమీద చిక్కుకొన్న వానిని దించి తెచ్చుట, రోగిని స్వదేశమునకు చేర్చుట దీని పరిధిలోనివి కావు. వీటికొరకు ప్రయాణ బీమా వేరుగా చేసికొనవలెను.

హక్కు శాసనములో ఉండుట వేరు, ఆసుపత్రి కిటికీ వద్ద చెల్లుట వేరు. యాత్రికులు ఎక్కువగా వచ్చు స్పెయినులో కొన్ని ప్రభుత్వ ఆసుపత్రులు కార్డును త్రోసిపుచ్చి, ప్రయాణ బీమా పత్రము తెమ్మని అడుగుచున్నవని ఫిర్యాదులు రాగా, 2013లో ఐరోపా కమిషను ఆ దేశముపై చర్యకు పూనుకొన్నది. అచ్చట ఒక కిటికీ వద్ద గుమాస్తా అన్న 'చెల్లదు' అను ఒక్క మాట అర్ధశతాబ్దపు శ్రమను వ్యర్థము చేయగలదు. జ్వరముతో, పరాయి భాషతో నిలుచున్నవాడు శాసనము చదివి వాదింపలేడు కదా!

ఇంతకంటె పెద్ద పాఠము బ్రిటను నేర్పినది. 2016 జూన్ 23న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణను అనుసరించి బ్రిటను 2020 జనవరి 31న ఐరోపా సమాఖ్యనుండి వైదొలగినది. ఆ యేటి చివర సంధికాలము ముగిసినది. కోట్లాది ప్రయాణికుల వైద్యము ఏమగునో అని చివరి దినముల వరకు అనిశ్చయముండెను. తుదకు ఇరుపక్షములు కొత్త ఒప్పందములో ఈ ఏర్పాటును నిలుపుకొన్నవి. 2021 జనవరిలో బ్రిటను తన వారికి వేరొక పేరుతో కార్డు ఇచ్చుట ప్రారంభించినది. వాణిజ్యములో, రాజకీయములో తెగినవారు కూడ ఈ ఒక్క దారమును తెంచుకొనుటకు ఇష్టపడలేదు. అయినను గడచిన అనిశ్చయము ఒక సత్యమును చాటినది. ఈ హక్కు ప్రకృతి ఇచ్చినది కాదు; సంతకములు నిలిచినంత కాలమే నిలుచును.

మన తెలుగువారికి దీనితో నిమిత్తమున్నదా? ఉన్నది, రెండు విధములుగా. 2003 జూన్ నుండి, సమాఖ్య పౌరులు కాకున్నను చట్టబద్ధముగా నివసించుచు అచ్చటి బీమాలో నున్న విదేశీయులకు కూడ ఈ నిబంధనలు వర్తించుచున్నవి. జర్మనీలో ఉద్యోగము చేయుచు అచ్చటి ప్రభుత్వ విధాన బీమాకు చందా కట్టు తెలుగు యువకుడు ఫ్రాన్సు చూడబోయి జ్వరపడినచో ఆ కార్డు అతనికి అక్కరకు వచ్చును. డెన్మార్కు, స్విట్జర్లండు, నార్వే, ఐస్‌లండు, లీక్టెన్‌స్టైను దేశములలో మాత్రము విదేశీయునికి ఈ సదుపాయము చెల్లదు. ఇది గ్రహించి బయలుదేరుట మేలు. ఇక బిడ్డలను చూచుటకో, దేశము చూచుటకో ఇక్కడినుండి పోవు తలిదండ్రులకు ఈ కార్డు రాదు. షెంగెన్ వీసా కొరకు వారు కనీసము 30,000 యూరోల విలువగల ప్రయాణ వైద్య బీమా చూపవలెను. బిడ్డ చేతిలో కార్డు, తల్లి చేతిలో పాలసీ. ఒకే ఇంట ఈ రెండింటికిని గల తేడాయే ఈ కథలోని సారము. పాలసీ సొమ్ముకు కొన్నది. కార్డు రాజ్యములు ఒకదానిని ఒకటి నమ్మి ఇచ్చినది.

ఈ కార్డుతో సెలవులకు సముద్రతీరమునకు పోవు ఐరోపావాసికి మార్సినెల్ పేరు జ్ఞప్తికి రాకపోవచ్చును. కాని అతడు అనుభవించు హక్కును మొదట సంపాదించి పెట్టినవారు నేలలోపల పనిచేసిన పరాయి కూలీలు. వలస వచ్చిన అట్టడుగు వాని కష్టమును తీర్చుటకు వేసిన బాట అందరికిని రాజమార్గమైనది. ఏ దేశమైనను తన గడప త్రొక్కిన కూలివానిని ఎట్లు చూచుచున్నదో దానినిబట్టియే, మున్ముందు ఆ దేశపు బిడ్డలు పరుల గడపలో ఏమి పొందుదురో నిర్ణయమగుచుండును. ఐరోపా చరిత్రలోని ఈ చిన్న అధ్యాయము మనకు చెప్పు మాట ఇది.